మీ కొట్టంలో కెమెరా ఎవరికి వెట్టి చేస్తోంది?

గట్టు మీద నిలబడి చూస్తే వరిచేను పచ్చగానే కనిపిస్తుంది. దోమపోటు సంగతి తెలియాలంటే చేలోకి దిగాలి, దుబ్బును పక్కకు వంచాలి, నీళ్లకు కాస్త పైన మొదళ్ల దగ్గర చూడాలి. దోమ గుంపులుగా ఉండేది అక్కడే. గట్టు మీదినుంచే చూసి ‘నా చేను బాగానే ఉంది’ అనుకున్నవాడికి చేను సుడులు సుడులుగా ఎండిపోయాక గానీ సంగతి తెలియదు. ఈ మాట మీకు నేను చెప్పనక్కర్లేదు. ఈ వారం చెప్పవలసింది వేరే పురుగు గురించి. అది పట్టేది పైరుకు కాదు. బోరు దగ్గర, బర్రెల కొట్టంలో, ఇంటి గోడకు మీరు బిగించుకున్న కెమెరాలకు, ఇంటర్నెట్ డబ్బాలకు పడుతుంది. దానికి కూడా ముందు దుబ్బు వంచి చూడాలి. పట్నంవాళ్లు ఆ పనిని స్కానింగ్ అంటున్నారు.

ఇదేదో సాఫ్ట్‌వేర్ వాళ్ల గొడవ, మనకెందుకని పేజీ తిప్పేయకండి. పొలం దగ్గర మోటరు పోతే పోలీస్ స్టేషనులో కాగితం రాసిచ్చి రావడం తప్ప ఒకప్పుడు మనకు గతి లేదు. కేబులు కోసుకుపోయేవాళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి తీగ పట్టుకుపోయేవాళ్లు, కొట్టంలోంచి దూడను తోలుకుపోయేవాళ్లు... వీళ్ల బాధ పడలేక ఎకరం, రెండెకరాల రైతులు కూడా రెండు మూడు వేలు పెట్టి కెమెరా పెట్టుకుంటున్నారు. పెట్టుకోవద్దని నేను అనడం లేదు. దొంగల కోసం పెట్టుకున్న కాపలావాడే రాత్రిపూట ఇంకొకడి పనికి పోతుంటే? అదీ ఇక్కడి ప్రశ్న.

మౌలాలిలో చూసింది

మన జిల్లా రైతులకు మౌలాలి కొత్త కాదు. గుట్ట మీద కుతుబ్‌షాహీల నాటి దర్గా, కింద రైల్వే స్టేషను, ఆ పక్క ఇండస్ట్రియల్ ఏరియాలో వరసగా షెడ్లు. మోటరు కాలితే వైండింగుకు, స్టార్టరు చెడితే రిపేరుకు అటు పోయే రైతులు ఇప్పటికీ ఉన్నారు. దగ్గర్లోనే ఈసీఐఎల్. 1967లో పెట్టిన ఆ సర్కారు కంపెనీ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటరు తయారు చేసింది. దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో అదొకటి. ఆ రోజుల్లో కంప్యూటరంటే గదిలో పెట్టుకునే వస్తువు. ఇప్పుడు అంతకంటే ఎన్నో రెట్లు తెలివైన కంప్యూటరు బర్రెల కొట్టంలో మేకుకు వేలాడుతోంది, దాని మీద పిచ్చుకలు వాలుతున్నాయి.

మౌలాలిలో అలాంటి రిపేరు షాపులోనే నాకు కీసర వైపు నుంచి వచ్చిన ఒక పాడిరైతు కనిపించాడు. ఎనిమిది బర్రెలు, ఎకరంన్నర గడ్డి. కెమెరాల బొమ్మ రికార్డయ్యే డబ్బాను సంచిలో పెట్టుకొని వచ్చాడు. రాత్రిళ్లు అది ఉన్నట్టుండి ఆగిపోతోందట. ఇంట్లో నెట్టు కూడా నత్తలా నడుస్తోందట. వేడికి కాలిపోయిందేమోనని ఆయన అనుమానం.

షాపు కుర్రాడు డబ్బా విప్పలేదు. లాప్‌టాప్ తీశాడు. “కాకా, డబ్బా నీదే కదా? నువ్వు సరే అంటె లోపటికి సూస్త,” అన్నాడు. ఆయన సరే అన్నాడు. ఈ అడగడం ఎందుకు ముఖ్యమో కింద చెబుతాను. తీగ తగిలించి ఏదో నొక్కితే నిమిషం తిరక్కుండా తెర మీద నాలుగైదు వరుసలు వచ్చాయి.

“గివన్ని తెరిచున్న తలుపులు కాకా. గిదొకటి నువ్వు ఫోన్ల బొమ్మ సూసే తలుపు. గిది సెట్టింగులకు. గీ ఇరవైమూడో నంబరుది తెరిచే ఉండొద్దు, కంపెనీ పోరగాళ్లు టెస్టింగుకు పెట్టుకున్నది, మూయలేదు.”

పాస్‌వర్డ్ ఏం పెట్టారని అడిగితే రైతుకు తెలియదు. బిగించినవాడు చెప్పలేదు, ఈయన అడగలేదు. కుర్రాడు పేరు దగ్గర అడ్మిన్ అని, పాస్‌వర్డ్ దగ్గర ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు కొట్టాడు. తలుపు తెరుచుకుంది. కొట్టంలో బర్రె నెమరు వేస్తున్న పాత బొమ్మ తెర మీదికి వచ్చింది.

ఆ తర్వాత చూపించిందే నన్ను ఈ వ్యాసం రాయించింది. ఆ షాపులో బల్ల కింద ఒక పాత రౌటరు ఉంది. పనికిరాదని ఎవరో వదిలేసి పోయింది. దాన్ని అతను ఎర డబ్బాగా మార్చి ఇంటర్నెట్ లైనుకు తగిలించాడు. పత్తి చేలో లింగాకర్షక బుట్ట పెడతాం కదా, ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో పొద్దున లెక్క చూస్తాం కదా, అచ్చంగా అదే పని. తలుపు కొట్టినవాళ్ల లెక్క దాంట్లో రాసిపెట్టుకుంటుంది. మేం అక్కడ చాయ్ తాగి గ్లాసు కింద పెట్టేలోపే తెర మీద వరుసలు వచ్చాయి. ఎక్కడెక్కడి దేశాల అడ్రసులో! అడ్మిన్ అని ఒకడు, రూట్ అని ఒకడు, నాలుగు సున్నాలు పెట్టి ఇంకొకడు, తాళాలు వేసి చూస్తున్నారు. వాళ్లు మనుషులు కాదు, మనుషులు వదిలిన ప్రోగ్రాములు. నిద్ర లేదు, పండగ లేదు.

రైతు కాసేపు చూసి, “ఎవరు బిడ్డా వీళ్లు? నా బర్రెలతోటి వీళ్లకేం పని?” అన్నాడు.

“నీ బర్రెలతోటి పని లేదు కాకా. నీ డబ్బాతోటి పని,” అన్నాడు కుర్రాడు.

డబ్బాతో ఏం పని?

నేనూ ఇంటర్మీడియట్ దగ్గర చదువు ఆపినవాణ్ణే. కాబట్టి నాకు అర్థమైనంత వరకే, అర్థమైన మాటల్లోనే చెబుతాను.

కెమెరా, రికార్డరు, వై-ఫై రౌటరు, ఫైబర్ నెట్టువాళ్లు టీవీకి పెట్టే డబ్బా, ఇవన్నీ పైకి వేరువేరు. చాలావాటి లోపల నడిచేది ఒకటే, లైనక్స్. ఫిన్లాండ్ దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టి ఊరికే అందరికీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ అది. లైసెన్సు డబ్బు కట్టనక్కర్లేదు గనుక, చిన్న చిప్పు మీద కూడా నడుస్తుంది గనుక, డబ్బాలు చేసే కంపెనీలు దాన్నే వాడుకుంటాయి. లైనక్స్ చెడ్డది కాదు, నిజానికి మంచి విత్తనం. కానీ ఎంత మంచి విత్తనమైనా వేసి వదిలేస్తే ఏమవుతుంది? కంపెనీ లక్ష డబ్బాలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి పంపుతుంది. టెస్టింగు తలుపులు మూయదు. తర్వాత ఆ సాఫ్ట్‌వేర్‌లో ఫలానా చోట బొక్క ఉందని లోకమంతా తెలిసినా, దానికి మాటు వేసిన కొత్త సాఫ్ట్‌వేర్ మన కొట్టం దాకా రాదు. కొన్ని చవక కంపెనీలైతే డబ్బా అమ్ముడుపోయాక మళ్లీ కనిపించవు.

2016లో ఏం జరిగిందో వినండి. అమెరికాలో ముగ్గురు కుర్రాళ్లు మిరాయ్ అనే ప్రోగ్రాము తయారు చేశారు. ఆన్‌లైన్ ఆటల వ్యాపారంలో పోటీవాళ్లను పడగొట్టడం వాళ్ల మొదటి ఉద్దేశం. ఆ ప్రోగ్రాము చేసే పని చాలా సులువైనది. ఇంటర్నెట్‌లో అడ్రసులన్నీ తిరుగుతూ ఆ ఇరవైమూడో తలుపు తట్టడం, తెరుచుకుంటే కంపెనీలు పెట్టే 60 చిల్లర పాస్‌వర్డులు వరసగా వేసి చూడటం. ఇంతే. ఇంతమాత్రానికే సుమారు 6 లక్షల కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లు ఒక దశలో దాని చేతికి చిక్కాయి. ఆ ప్రోగ్రాము గుట్టంతా బయటపెట్టేయడంతో ఎవడు పడితే వాడు వాడుకున్నాడు. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి డబ్బాలన్నీ కట్టగట్టుకొని డిన్ అనే అమెరికా కంపెనీ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందలేదు. ఆ కుర్రాళ్లు 2017 డిసెంబరులో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. వాళ్ల ప్రోగ్రాము పిల్లలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

అంటే, కరెంటు మీది, నెట్టు బిల్లు మీది, డబ్బా మీది. పని ఇంకొకడికి. మన తాతలు దొరల గడీల్లో చేసిన వెట్టి ఇదే కదా! కాకపోతే వెట్టి చేస్తున్నట్టు తాతలకు తెలుసు, మనకు తెలియదు.

దీంట్లో ఒక తిరకాసు ఉంది. మిరాయ్ లాంటివి చాలావరకు డబ్బా తాత్కాలిక మెమరీలోనే ఉంటాయి. స్విచ్చి ఆపి వేస్తే పోతాయి. అందుకే ‘ఆపి వేస్తే బాగయింది’ అని మనం సంబరపడతాం. పాస్‌వర్డ్ మార్చకుండా మళ్లీ లైనుకు తగిలిస్తే కొన్ని నిమిషాల్లోనే తిరిగి పట్టుకోవచ్చు. ఆ పాడిరైతు డబ్బాకు పట్టింది అదేనా అంటే, కుర్రాడు కూడా గట్టిగా చెప్పలేదు. తెచ్చేటప్పుడు ప్లగ్గు పీకారు కదా, ఆనవాళ్లు పోయాయి అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. తెలియనిది తెలియదని చెప్పే మెకానిక్కును నేనెప్పుడూ నమ్ముతాను.

మన దగ్గర జరగలేదా?

జరిగింది. 2017 జులై నెలాఖరులో బీఎస్ఎన్ఎల్, ఎంటీఎన్ఎల్ లైన్ల మీద ఉన్న మోడెములు కుప్పలుగా మూగబోయాయి. 60 వేలకు పైగా అని అప్పట్లో వార్తలు వచ్చాయి. పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్ అని ఉన్నవాటి మీదే దెబ్బ పడింది. పాస్‌వర్డ్ మార్చుకోండని బీఎస్ఎన్ఎల్ తన వినియోగదారులకు చెప్పవలసి వచ్చింది. చేసింది తానేనని చెప్పుకున్న మనిషి వాదన ఇంకా విచిత్రం. తాళం లేని డబ్బాలు దొంగల చేతికి చిక్కి లోకానికి చేటు చేస్తున్నాయి గనుక, వాటిని పనికిరాకుండా చేసి మేలు చేశానన్నాడు! గడ్డి చావాలని పైరు మీదే గడ్డిమందు కొట్టిన మేలు అది. ఆ మోడెములను నమ్ముకున్న చిన్న దుకాణంవాడు, మీసేవావాడు, చదువుకునే పిల్లలు ఏ పాపం చేశారు?

వెట్టి ఒక్కటే కాదు, పరువు సంగతి కూడా ఉంది. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల్లోని ఆడవాళ్ల వీడియోలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చిన సంగతి 2025 ఫిబ్రవరిలో బయటపడింది. అరెస్టులు జరిగాయి. అక్కడా తేలిక పాస్‌వర్డ్ మాటే వినిపించింది. మన పల్లెల్లో కెమెరా వాకిట్లో పెడతాం. ఆ వాకిట్లోనే ఇంటి ఆడవాళ్లు బట్టలు ఉతుకుతారు, పాలు పిండుతారు, ఎండాకాలం మంచాలు వేసుకొని పడుకుంటారు. ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు.

తలుపు తట్టేవాళ్లు మన ఇల్లు ఎలా కనిపెడతారని కొందరికి అనుమానం. కనిపెట్టనక్కర్లేదు. ఇంటర్నెట్‌లో పాత పద్ధతి అడ్రసులు మొత్తం కలిపి సుమారు 429 కోట్లు. 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జీమ్యాప్ అనే పనిముట్టు తయారు చేశారు. మంచి లైను ఉంటే ఒక్క కంప్యూటరుతో 45 నిమిషాల్లోపు ఆ అడ్రసులన్నింటికీ పోయి, ప్రతిచోటా ఒక్కో తలుపు తట్టి రావచ్చు. అంతకు ముందే, 2009 నుంచి షోడాన్ అనే సంస్థ ఇలా తట్టి చూసిన డబ్బాల జాబితాను వెతుక్కోవడానికి వీలుగా పెడుతోంది. కాబట్టి ‘మాది మారుమూల ఊరు, మా జోలికి ఎవడొస్తాడు’ అనుకోవద్దు. వాళ్లకు మారుమూల అనేది లేదు.

ఏ డబ్బాకు ఎంత భయం?

అన్నింటికీ ఒకే భయం కాదు. బోరు దగ్గర పెట్టే సిమ్ కెమెరా చాలావరకు సిమ్ కంపెనీ గోడ వెనక ఉంటుంది. ఒకే బయటి అడ్రసును కంపెనీ ఎంతోమందికి పంచుతుంది గనుక, బయటివాడు నేరుగా వచ్చి తలుపు తట్టడం కష్టం. దాని బలహీనత యాప్‌లో ఉంటుంది. బిగించినవాడు తన ఫోన్ నంబరుతో ఖాతా తెరిచి, మీకు చూసే వీలు మాత్రం ఇచ్చి పోతాడు. అంటే ఆ కెమెరాకు లెక్క ప్రకారం యజమాని అతనే! అతను మంచివాడే కావచ్చు. అయినా మీ వాకిలి అతని ఫోన్లో ఎందుకుండాలి? ఇవాళే ఆ యాప్ తెరిచి, ఓనరు దగ్గర ఎవరి నంబరుందో చూడండి.

ఫైబర్ లైనుకు తగిలించిన రికార్డర్లది అసలు భయం. ‘ఎక్కడినుంచైనా ఫోన్లో చూసుకునేటట్టు చెయ్యి తమ్మీ’ అని మనమే అడుగుతాం. వాడు రౌటరులో పోర్ట్ ఫార్వార్డింగ్ అని ఒకటి పెట్టి, రికార్డరుకు వీధి వైపు తలుపు తీసి పోతాడు. మీరు మీ ఫోన్లో చూస్తారు. లోకం కూడా చూడవచ్చు.

మోటరు ఆన్, ఆఫ్ చేసే మొబైల్ స్టార్టరు సంగతి వేరు. మామూలుగా వాటిలో లైనక్స్ ఉండదు, చిన్న చిప్పు ఉంటుంది. కొన్ని రకాల్లో మీ నంబరు మాత్రమే రిజిస్టరు చేయకపోతే ఎవరు ఫోన్ చేసినా మోటరు తిరుగుతుంది. బోరులో నీళ్లు లేని వేళ ఎవడో ఆకతాయి ఫోన్ చేస్తే మోటరు కాలేది మీది.

చూసుకోవడం ఎలా అంటారా? మీ ఇంటి వై-ఫై కలిపిన ఫోన్లో 192.168.1.1 అనిగానీ 192.168.0.1 అనిగానీ కొడితే చాలా రౌటర్లకు సెట్టింగుల పేజీ వస్తుంది. ఇక్కడ మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. వై-ఫై పాస్‌వర్డ్ వేరు, ఈ పేజీ పాస్‌వర్డ్ వేరు. మొదటిది గేటు తాళం, రెండోది బీరువా తాళం. పక్కింటి పిల్లలు వాడుకుంటున్నారని గేటు తాళం నాలుగుసార్లు మారుస్తాం, బీరువాకు మాత్రం కంపెనీ తాళమే ఉంటుంది. దాన్ని మార్చండి. ఆ పేజీలోనే ఏయే పరికరాలు కలిసి ఉన్నాయో జాబితా కనిపిస్తుంది. మీ ఇంట్లో లేని పరికరం కనిపిస్తే అడగండి. రిమోట్ మేనేజ్‌మెంట్ అని ఉంటే ఆపేయండి, టెల్నెట్ అని ఉంటే ఆపేయండి, పోర్ట్ ఫార్వార్డింగ్‌లో మీకు తెలియని వరుస ఉంటే దేనికోసమని బిగించినవాణ్ణి నిలదీయండి. రికార్డరుకు కూడా పాస్‌వర్డ్ మార్చండి. మీ పేరు, ఊరి పేరు, ఫోన్ నంబరు పెట్టవద్దు. బర్రెల పేర్లు మూడు కలిపి మధ్యలో ఒక అంకె వేసినా చాలు, మీకు గుర్తుంటుంది, బయటివాడికి తట్టదు. పాత డబ్బా కొంటే ముందు రీసెట్ చేయించండి. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందేమో చూసి ఎక్కించమని షాపువాణ్ణి అడగండి, కరెంటు పోని వేళ చూసి. మధ్యలో కరెంటు పోతే డబ్బా మొత్తానికే పాడవచ్చు.

ఇక మౌలాలి కుర్రాడు ముందుగా ‘నీదే కదా’ అని ఎందుకు అడిగాడో చెబుతాను. తలుపులు చూసే నెమ్యాప్ వంటి పనిముట్లు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. ఇంజినీరింగు చదివే మీ అబ్బాయి సెలవులకు వచ్చి మీ రౌటరును, మీ కెమెరాను వాటితో పరీక్షిస్తే మంచిదే. పక్కింటివాళ్లది, సర్పంచిది, పాల కేంద్రానిది అడగకుండా తెరిచాడంటే మాత్రం సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మేలు చేద్దామనే చూశానంటే కోర్టు వినాలని లేదు.

ఇదంతా రైతు ఒక్కడి పనేనా?

ఇక్కడే నా అభిప్రాయం చెప్పాలి. విత్తనం మొలవకపోతే రైతుదే తప్పు, మందు పనిచేయకపోతే రైతుదే తప్పు. ఇప్పుడు కెమెరా పాస్‌వర్డ్ మార్చుకోకపోవడం కూడా రైతు తప్పే అంటే నేను ఒప్పుకోను. ఇంగ్లీషులో నలభై పేజీల పుస్తకం చేతిలో పెట్టి, పాస్‌వర్డ్ మాట ఎత్తకుండా డబ్బులు తీసుకొని పోయినవాడికి బాధ్యత లేదా?

పాస్‌వర్డ్ రైతు చేతులతో, రైతు ఎదుట మార్చేదాకా బిగింపు పూర్తయినట్టు కాదని నియమం పెట్టాలి. సబ్సిడీ మీద, పథకాల మీద ఇచ్చే వాటికైతే ఇది మరీ తేలిక. పీఎం-కుసుమ్ కింద ఇచ్చే సోలార్ పంపుసెట్లకు దూరం నుంచి కనిపెట్టే పరికరం పెట్టాలని నిబంధనలోనే ఉంది. సర్కారు డబ్బుతో పొలంలోకి వచ్చే ప్రతి ఇంటర్నెట్ పరికరానికీ తలుపులు పరీక్షించిన కాగితం జత చేస్తేనే కంపెనీకి బిల్లు ఇవ్వాలి. ఆ కాగితం తెలుగులో ఉండాలి.

కుదరదంటారా? 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చే ముందు ఆటో స్టార్టర్లు తీసేయించడానికి కరెంటు సిబ్బంది ఊరూరా, బోరు బోరుకూ తిరిగారు. మోటరు మోటరుకూ తిరగగలిగినవాళ్లకు డబ్బా డబ్బాకూ చూడటం ఏమంత పని? దీనికి పొలం దాకా నడవాల్సిన పని కూడా లేదు.

కేంద్రంలో ఇందుకోసం సంస్థలున్నాయి. సెర్ట్-ఇన్ 2004 నుంచి పనిచేస్తోంది. 2017 ఫిబ్రవరి 21న సైబర్ స్వచ్ఛతా కేంద్ర మొదలైంది. వెట్టికి చిక్కిన డబ్బాలు ఏ లైను మీదున్నాయో ఇంటర్నెట్ కంపెనీలకు చెప్పి, వాళ్ల ద్వారా వినియోగదారుడికి కబురు పంపడం దాని పని. ఆ కబురు మీలో ఎంతమందికి వచ్చింది? నాకైతే రాలేదు. వచ్చినా ఇంగ్లీషు మెసేజీ అయితే లోన్ల మెసేజీల కింద పడి పోతుంది. ఊళ్లో కేబులు బిల్లుకు వచ్చే మనిషి చేత ఒక చీటీ పంపితే పోయేదానికి ఇంత యంత్రాంగం ఉండి కూడా ఆఖరి అడుగు దగ్గర ఆగిపోతోంది. వానాకాలం ముందు రైతు వేదికల్లో విత్తనాల గురించి చెప్పేటప్పుడు ఒక అరగంట దీనికివ్వండని వ్యవసాయ విస్తరణాధికారులను కోరుతున్నాను.

జపాన్‌లో 2019 ఫిబ్రవరిలో సర్కారే ఈ పని మొదలుపెట్టింది. ముందు చట్టం సవరించుకొని, దేశంలోని సుమారు 20 కోట్ల అడ్రసుల్లో తేలిక పాస్‌వర్డులు వేసి చూసి, తెరుచుకున్నవాటి యజమానులకు కంపెనీల ద్వారా చెప్పించింది. అక్కడి జనం కొందరు దీన్ని తప్పుబట్టారు. మన ఇళ్లలోకి సర్కారు తొంగి చూడటం ఏమిటని. ఆ భయం నాకూ ఉంది. తలుపు తెరిచి ఉందో లేదో వీధిలోంచి చూడటం వేరు, తాళం వేసి చూసి లోపలికి రావడం వేరు. రైతు సొంతంగా కొనుక్కున్న కెమెరాకు మొదటిదే చేయాలి, రెండోది చేయకూడదు. పథకం కింద ఇచ్చినవాటికి సంతకం తీసుకొని రెండూ చేయవచ్చు.

కంపెనీల దగ్గరే కట్టడి చేయడం అన్నింటికంటే మేలు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ తెలిసిన ఒకే పాస్‌వర్డ్‌తో ఇలాంటి డబ్బాలు అమ్మడమే చట్టవిరుద్ధం. మన కేంద్రం కూడా కెమెరాల విషయంలో కదిలింది. 2024 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ ఇచ్చి, 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాల హార్డ్‌వేరును, సాఫ్ట్‌వేరును గుర్తింపు పొందిన ల్యాబులో పరీక్షకు ఇవ్వాలని తయారీదారులకు నియమం పెట్టింది. మంచి పనే. కెమెరా కొనేటప్పుడు ఈ పరీక్ష అయిందా అని అడగండి, బిల్లు మీద రాయించుకోండి. కానీ అంతకు ముందే అమ్ముడుపోయి గోడలకు వేలాడుతున్న కెమెరాల మాటేమిటి? వాటిని ఎవరు చూడాలి?

ఇంకో మాట. ఈ భయం చూపించి నెలకింత కట్టండి, మీ డబ్బాలు మేం కాపలా కాస్తామని రేపు ఎవడో ఒకడు వస్తాడు. ఎకరం రైతుకు అది అక్కర్లేదు. పైన చెప్పిన పనులకు ఒక గంట పడుతుంది, రూపాయి ఖర్చు లేదు. నిజంగా వీడియోలు బయటికి పోయినా, డబ్బు పోయినా 1930కి ఫోన్ చేసి చెప్పండి, ఆలస్యం చేయకుండా.

ఆ పాడిరైతు సంగతి చెప్పి ఆపుతాను. కుర్రాడు రికార్డరులో ఆ ఇరవైమూడో తలుపు మూసి, కొత్త పాస్‌వర్డ్ ఆయన చేతనే కొట్టించాడు. రెండుసార్లు తప్పు కొట్టాడు, మూడోసారి కుదిరింది. మరిచిపోకుండా జేబులోంచి పాల లెక్కల పుస్తకం తీసి, అట్ట లోపలి వైపు పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. ఆ పుస్తకం ఎక్కడ పెడతావని అడిగాను.

“గక్కడనే. కొట్టంల, గూట్ల. కెమెరా కిందనే.”

ఆ కాగితం చింపి ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టుకొమ్మని చెప్పి వచ్చాను.